టెంటర్ వీధి నడిమధ్య గీత

ఎన్నికల రోజున హార్ల్‌బెక్ నియోజకవర్గం మొత్తం ఈనిడ్ క్రాబ్‌ట్రీ ముందుగదిలోంచే నడిచేది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అంతే. గోడకాగితాలు అంటించే పొడుగాటి మడతబల్ల వేసి, దానిమీద ఓటర్ల జాబితాలు పరిచి, పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గర కూర్చున్న తన పార్టీవాళ్ళు చీటీలు పంపగానే ఓటేసినవాళ్ళ పేర్లు స్కేలు పెట్టి కొట్టేసేది. ఇంకా రానివాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని తరిమేది. మధ్యాహ్నం అభ్యర్థి వచ్చి, ఆ బల్ల పక్కన నిలబడి, ఆవిడ మాంసం కూరి కాల్చిన రొట్టె తినాలి. తినకుండా వెళ్ళడానికి ఎవరికీ గుండె చాలలేదు.

ఈలోగా నియోజకవర్గం ఎన్ని వేషాలు వేసిందో! ఒకసారి మిల్లులపేట ఊడిపోయింది. ఇంకోసారి కొండమీది నాలుగు ఊళ్ళు వచ్చి అతుక్కున్నాయి. పేరు చివర 'పశ్చిమం' అని తోక మొలిచి పదేళ్ళకు రాలిపోయింది. ఈనిడ్ బల్ల మాత్రం అంగుళం జరగలేదు.

అలాంటి బల్లకు ఎదురింటి మేవిస్ హోల్డెన్ దాపురించింది. పార్టీలో చేరి పట్టుమని ఐదేళ్ళు కాలేదు. అయినా మొన్నటి ఎన్నికల్లో అభ్యర్థి ఈనిడ్ మాంసం రొట్టెను సగంలో వదిలేసి, "మేవిస్ గారూ, మీ నిమ్మకేకు ఇంకో ముక్క ఉందా?" అన్నాడు. ఈనిడ్ ఇంట్లో, ఈనిడ్ పళ్ళెం చేత్తో పట్టుకుని! ఆ రోజునుంచి మేవిస్ నవ్వితే చాలు, ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. కుళ్ళు అంటారా? అవును, కుళ్ళే.

అంతలో హద్దుల కమిషన్ మళ్ళీ పెన్సిలు పట్టుకుంది. హార్ల్‌బెక్‌లో ఓటర్లు ఎక్కువయ్యారట, కొందరిని పక్కనున్న థార్న్‌షా నియోజకవర్గానికి ఇచ్చెయ్యాలట. ఎవరిని ఇవ్వాలో జనం ఉత్తరాలు రాయొచ్చట. ఈనిడ్ నాలుగు పేజీలు రాసింది. తన ఇంటికీ ఎదురిళ్ళకూ మధ్యనున్న టెంటర్ వీధే సహజమైన హద్దు అంది. అటువైపు వాళ్ళ బస్సు వేరు, చర్చి వేరు, రొట్టె కొనుక్కునే కొట్టు కూడా వేరు, రెండు వైపులకూ బొత్తిగా పొత్తు కుదరదు అంది. మేవిస్ పేరు ఒక్కచోట కూడా రాయలేదు, రాసిందంతా మేవిస్ గురించే.

ఏడాది తిరిగేసరికి నివేదిక వచ్చింది. పార్టీ కార్యదర్శి నోరిస్ దాన్ని పట్టుకుని వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు.

"వీధినే హద్దు చేశారండీ. ఎవరో రాసిన ఉత్తరం వాళ్ళకి తెగ నచ్చిందట."

"అయితే మేవిస్ థార్న్‌షాకు పోయినట్టేగా?"

"కాదండీ, మీరు పోయారు. థార్న్‌షా ఉన్నది మీ పెరటి వాగు అవతలేగా!"

ఈనిడ్ ముప్పై ఒక్క ఏళ్ళు తలుపు నంబర్ల జాబితాలే చూసింది గానీ, ఒక్కనాడూ పటం విప్పి చూసిన పాపాన పోలేదు.

"బల్ల ఇక మేవిస్ గారింట్లో వెయ్యాలండీ" అన్నాడు నోరిస్ నేలచూపులు చూస్తూ.

బల్ల కోసం మర్నాడు మేవిస్సే వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. "నేనూ రాశాను ఈనిడ్. వీధిని చీల్చొద్దని, నీ గది లేకపోతే మాకసలు ఎన్నికే లేదని రాశాను. నా మాట ఎవడు వింటాడు?"

ఈనిడ్ లేచి బల్లకు ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని మోసుకుంటూ రోడ్డు దాటి, మేవిస్ ముందుగదిలో దించి మడత విప్పారు. గది పెద్దది. ఈనిడ్ ఇంట్లో కిటికీకి తగిలి ఎప్పుడూ మూడొంతులే తెరుచుకున్న బల్ల, ఇక్కడ నిండుగా తెరుచుకుంది. అంత సిగ్గులోనూ ఈనిడ్ కడుపు భగ్గుమంది.

"వీధిని హద్దు చెయ్యమని ఆ ఉత్తరం ఎవరు రాసి చచ్చారంటావ్?" అంది మేవిస్ బల్ల తుడుస్తూ.

"ఎవత్తో కుళ్ళుబోతుది" అంది ఈనిడ్.