మనవాడు అమ్మిన కళ్లద్దాలు

మస్కట్‌లో ఉన్న మూడేళ్లలో ఒక్కసారే బేరం చేయకుండా వస్తువు కొన్నాను. అమ్మినవాడు తెలుగులో మాట్లాడాడని.

"ఏ ఊరు చెల్లెమ్మా?" అన్నాడు కళ్లద్దాల దుకాణాయన. సూర్యాపేట అన్నాను. తనది కోదాడ దగ్గర అనంతగిరి అట. నా కళ్లు పరీక్షించి, నంబర్ పెరిగిందని, పాత అద్దాలతో చదివితే చూపు పోతుందని చెప్పాడు. మా ఆయన డ్యూటీకి వెళ్లాక పుస్తకాలే నాకు తోడు. భయంతో, ఇంటికొచ్చినప్పుడు పుస్తకాలు కొనుక్కోవాలని దాచుకున్నదంతా వాడి చేతిలో పెట్టాను.

సెలవు మీద వస్తుంటే, వాళ్లమ్మకిమ్మని, ఆమెకు చదువు రాదు కాబట్టి జవాబు రాసుకు రమ్మని పార్సిల్ కూడా అంటగట్టాడు.

సూర్యాపేట వచ్చిన వారానికి మిర్యాలగూడలో పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. కొత్త అద్దాల కాడ వదులైతే, బజారులో ఒక ముసలాయన బిగించి, మిషన్‌లో పెట్టి చూశాడు. పాతవి కూడా అడిగి చూశాడు.

"రెండిట్ల నంబర్ ఒక్కటే బిడ్డా. మళ్ల గివెందుకు గొన్నవ్?"

"నంబర్ పెరిగిందన్నడు."

"నీ నంబర్ పెరగలే. వాని గల్లాపెట్టె పెరిగింది."

ఆ రోజు డైరీలో రాసుకున్నాను: పార్సిల్ ఇవ్వను. మర్నాడు దాన్ని కొట్టేసి రాశాను: ఇస్తాను, నేనే వెళ్లి ఇస్తాను.

అనంతగిరిలో వాళ్లమ్మ సబ్బులు, టార్చిలైటు చూసి మురిసిపోయింది. పార్సిల్ తెచ్చినవాళ్లే జవాబు పట్టుకెళ్లాలి కదా. తనకు రాయడం రాదని నన్నే రాయమంది. గేదె ఈనిందని, సబ్బులు అందాయని చెప్పింది. అక్కడ కలం ఆపి, అద్దాల సంగతి చెప్పాను.

ఆమె సబ్బులు పక్కకు నెట్టేసింది. "రాయమ్మా" అంది.

"ఒరేయ్, పరాయి దేశంలో మన ఆడపిల్లను మోసం చేస్తావురా? కళ్లు పోతాయని బెదిరిస్తావా? నీ సబ్బుతో నేను మొహం కడుక్కోవాలా? ఆ పిల్ల సొమ్ము ఆ పిల్లకిచ్చేదాకా నాకు ఉత్తరం రాయకు."

కింద వేలిముద్ర వేసింది. ఒక్క మాటా నేను కలపలేదు. కలపాలనే వెళ్లాను గానీ, అవసరం రాలేదు.

మస్కట్ తిరిగెళ్లాక, మనవాళ్లంతా సరుకులకు బయటికొచ్చే శుక్రవారం సాయంత్రం కోసం కాచుకున్నాను. దుకాణంలో నలుగురైదుగురు తెలుగువాళ్లు ఉన్నారు. వాడు ఎవరిదో ఫ్రేమ్ బిగిస్తున్నాడు.

"అమ్మ ఏమంది చెల్లెమ్మా? చేతిలో పనుంది, నువ్వే చదివి పెట్టు."

పదిమందిలో నోరు విప్పని మనిషిని నేను. వాడమ్మిన అద్దాలు తీసి బల్ల మీద పెట్టాను. పాతవి పెట్టుకున్నాను. గేదె ఈనిన దగ్గర్నుంచి వేలిముద్ర దాకా, బయట నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా చదివాను. ఎక్కడా ఒక్క అక్షరం మసకబారలేదు.

ఎవరో నవ్వారు. ఒకాయన కొనబోయిన ఫ్రేమ్ బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. వాడు తలెత్తకుండా సొరుగు తెరిచి నా డబ్బు నాకిచ్చాడు.

"ఉత్తరం ఇచ్చెయ్ అమ్మా" అన్నాడు మెల్లగా.

ఇవ్వలేదు. ఇప్పటికీ నా డైరీలోనే ఉంది.