చెప్పులాయన ఎంచిన టైర్లు

ప్రొద్దుటూరులో ఏ టైర్ల అంగడికి పోయినా ఒకటే పాట: "కొత్తగా రబ్బరు వేయించినవి, కండ్లు మూసుకొని తీసుకో అప్పా." కండ్లు మూసుకొని కొనే రకాన్ని కాను నేను. మా పాత కారు సైజుకు కొత్తవి రావడం ఎప్పుడో ఆగిపోయింది, వాడినవే గతి. పైగా అంతకు రెండేళ్ల ముందు, నా భార్యను కాన్పుకు పులివెందుల నుంచి జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోతుంటే, ముద్దనూరు దాటాక టైరు పగిలింది. ఇంకో బండి దొరికేలోగా బిడ్డ దక్కలేదు. ఇప్పుడామెకు మళ్లీ ఏడో నెల.

అమ్మేవాడు టైరు పైభాగం చూపిస్తాడు, నడిపేవాడు దాని మీద కూర్చుంటాడు. మరి లోపల చూసేదెవరు? ఇదే ఆలోచిస్తూ బజారులో నడుస్తుంటే, పాత టైర్లు కోసి చెప్పులు చేసే ముసలి సాయిబు కనిపించాడు. టైరు మంచిచెడ్డ ఎట్లా తెలుస్తుందని అడిగాను.

"నా దగ్గరికి వచ్చేవన్నీ చచ్చిన టైర్లేనప్పా. ఏది ఎందుకు చచ్చిందో కోస్తే తెలుస్తాది," అన్నాడు.

విషయం చెబితే పని పక్కన పెట్టి నా వెంట వచ్చాడు. అంగట్లో నిగనిగలాడే నాలుగు టైర్ల లోపల చెయ్యి పెట్టి, బొటనవేలితో నొక్కాడు. నన్నూ నొక్కమన్నాడు. లోపలి నూలు పొరలు రబ్బరును వదిలేసి కదులుతున్నాయి.

"ఇవి చెప్పులకైతే శానా బాగుంటాయి. చూలింతను కూచోబెట్టుకొని పోయేదానికి పనికిరావు."

మూలన దుమ్ముకొట్టుకుపోయిన, గీతలు సగం అరిగిన నాలుగింటిని అట్లే నొక్కి చూసి, లోపల పొరలు గట్టిగా ఉన్నాయని వాటిని ఎంచాడు. "చెప్పులు కుట్టేవాని మాట విని కారు నడుపుతావా?" అని అంగడాయనకు ఒళ్లు మండింది. వాటినే కొని ఇంటికి తెచ్చి, ఎవరు ఎంచారో చెబితే మా ఆమె చూసి, "కారుకు చెప్పులు తెచ్చినావా ఏంది?" అని నవ్వింది. నవ్విందే గానీ, ఆ పూట అన్నం సరిగా తినలేదు.

నెలలు నిండాక ఒక మధ్యాహ్నం నొప్పులొచ్చాయి. ఎండకు కాలిన కంకర రోడ్డు. టైర్ల చప్పుడు తప్ప నాకింకేదీ వినపడలేదు. ముద్దనూరు దాటాక ఆమె వెనక సీట్లో కండ్లు మూసుకొని అడిగింది.

"ఆ చోటు దాటినామా?"

"ఎప్పుడో దాటినాం," అన్నాను. అది ఇంకా ముందే ఉంది. అంత భయం నాకు జీవితంలో మళ్లీ వేయలేదు.

సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. దారిలో అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె బిడ్డ మీద నుంచి చూపు తిప్పలేదు.

"తెలుసులే. నువ్వు ఊపిరి వదిలినాకనే నేను కండ్లు తెరిచినా."