ముందే చెప్పిన సాక్ష్యం

మా ఊళ్లో నున్నటి నేలలు రెండే ఉండేవి. ఒకటి నీళ్లు పారే గెడ్డ పక్కన కాఫీ ఆరబోసే సిమెంటు కళ్లం. రెండోది మా ప్రార్థన మందిరంలో పరిచిన టైల్సు. అరకు నుంచి జీపులో గంట దూరం లోపలికి ఉన్న కొండ ఊరికి ఆ రెండూ ఎక్కువే. కరోనా ఏడాది విశాఖలో మా హాస్టల్ మూసేస్తున్నారని తెలిసి, స్కేట్లు సంచిలో కుక్కుకుని కిరండోల్ రైలెక్కి ఇంటికొచ్చాక, నా ఆట ఆ రెండు నేలల మీదే సాగింది.

నాది ఆర్టిస్టిక్ స్కేటింగ్. బూటుకు నాలుగు చక్రాలు, ముందు ఒక రబ్బరు బిరడా. మంచు మీద బ్లేళ్లతో ఆడేదానికి ఇది దగ్గర చుట్టం. పాటతో పాటు సాగాలి, మలుపులు తిరగాలి, మధ్యలో గాలిలోకి ఎగిరి చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగాలి. ఎగిరినదానికీ మార్కులుంటాయి, సాగినదానికీ ఉంటాయి. కానీ మగపిల్లల పోటీలో అందరి కళ్లూ ఎగరడం మీదే. చేతులు కాస్త అందంగా కదిపితే పక్క బల్ల మీద నవ్వులు వినపడేవి.

మా కోచ్ సార్ ఒకసారి ఫోనులో మంచు మీద ఆడే ఇద్దరు మగవాళ్లను చూపించారు. ఒకడు గాలిలో నాలుగు చుట్లు తిరిగాడు. ఆ ఎగరడానికీ ఎగరడానికీ మధ్య బస్సు అందుకోవడానికి పరిగెత్తేవాడిలా ఉన్నాడు. రెండోవాడు అన్ని చుట్లు తిరగలేదు. కానీ అతను ఆపేశాక సార్ ఆ వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టారు. నువ్వు ఈ రెండోవాడి జాతి, అన్నారు సార్. నాకది మెచ్చుకోలులా వినపడలేదు.

మందిరంలో స్కేటింగ్ సంగతి సంఘ పెద్దల దాకా వెళ్లింది. చెప్పులు గుమ్మం బయట విడిచే చోట చక్రాల బూట్లు ఎలా? రెండు ఆదివారాలు తర్జనభర్జన పడ్డాక పాస్టరు గారు తీర్పు చెప్పారు. బయటి మట్టి తగలని చక్రాలు చెప్పులు కావు. అందుకని నా పాత చక్రాల జత ఒకటి మందిరం కిటికీలోనే ఉండేది. లోపలికి వెళ్లేముందు చక్రాలు మార్చి, బూట్లు తడిగుడ్డతో తుడిచేవాణ్ణి. షరతు ఒకటే, లోపల ఎగరకూడదు. టైలు పగిలితే మళ్లీ ఘాట్ రోడ్డు మీద మోయించుకు రావాలి.

అలా నా ఆట రెండుగా చీలిపోయింది. మందిరంలో సాగడం, మలుపులు, ఒంటికాలి మీద గిరగిర తిరగడం. కళ్లంలో ఎగరడం. కళ్లం గరుకు, అక్కడ చక్రం సాగదు. నాలుగడుగుల పరుగు, ఎగరడం, దిగడం, అంతే. దిగిన ప్రతిసారీ సిమెంటు దెబ్బ కుడి మోకాలి కింది ఎముకలోకి సూటిగా ఎక్కేది.

శనివారం మందిరం కడగడానికి వచ్చిన ఆడవాళ్లు పని ఆపి గోడవార కూర్చుని చూసేవారు. కళ్లం దగ్గర పిల్లలు నేను ఎగిరితేనే చప్పట్లు కొట్టేవారు. అమ్మ రెండూ చూసింది.

"లోపల ఆడితే పాట పాడినట్టుంటాదిరా. కళ్లంలో ఆడితే పనస సెట్టు మీంచి పడ్డట్టుంటాది," అంది.

నేను నవ్వాను. నా పట్టుదల ఆ పనసచెట్టు మీదే ఉంది. డబుల్ ఆక్సెల్ అనే ఎగురు ఒకటుంది. ముందుకు చూస్తూ ఎగిరి, రెండున్నర చుట్లు తిరిగి, వెనక్కి దిగాలి. ఆ ఏడాది గడిచి పోటీలు మళ్లీ మొదలయ్యేసరికి, రాష్ట్ర జట్టుకు ఎంపిక కావాలంటే అది తప్పదని నేను తేల్చుకున్నాను. జట్టులో చోటు వస్తే కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు వస్తుంది, ఆట సాగుతుంది. రాకపోతే కాఫీ మొక్కల్లోకి తిరిగి వెళ్లడమే. పది ప్రయత్నాల్లో రెండుసార్లు నిలబడేవాణ్ణి. కాలు అప్పటికే నొప్పి. మెట్లు దిగేటప్పుడు పళ్లు బిగించేవాణ్ణి.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. జరిగిన మేలుకు సాక్ష్యం చెప్పడం ఎక్కడైనా ఉన్నదే. మేము జరగబోయే మేలుకు కూడా చెబుతాం. వానకు, కాన్పుకు, పరీక్షకు. అది జరిగిపోయినట్టే లేచి నిలబడి స్తుతి చెల్లించాలి. "జరిగితే" అన్న మాట నోట రాకూడదు. ఆ పద్ధతిలో పెరిగినవాణ్ణి, దాని బలం నాకు తెలుసు. దాని బరువు కూడా కొంత తెలుసు. మా వెనకింటి పిన్ని అలాగే ముందు చాప మీద నిలబడి, నా పెనిమిటి మంచం దిగి నడిచాడు అని సాక్ష్యం చెప్పింది. మూడో వారం ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. కానీ సాక్ష్యాల వేళ పాస్టరు గారి చూపు ఆమెను దాటుకుని వెళ్లేది. కొన్నాళ్లకు ఆమె గుమ్మం దగ్గరి చాపకు మారిపోయింది.

ఎంపికలకు బయల్దేరే ముందు ఆదివారం పాస్టరు గారు నన్ను సాక్ష్యానికి లేపారు. నా కాలు స్వస్థపడిందనీ, ప్రభువు నాకు డబుల్ ఆక్సెల్ ఇచ్చాడనీ, నేను దాని మీద నిలబడ్డాననీ చెప్పాను. డబుల్ ఆక్సెల్ ఏమిటో తెలియని వంద మంది ఆమెన్ అన్నారు. ఒంటికాలి మీద చక్కగా సాగానని ఎవరూ సాక్ష్యం చెప్పరు. ఎగరడం అలా కాదు, నిలబడ్డాడో పడ్డాడో చంటిపిల్లలకైనా తెలుస్తుంది. మేము గుర్తులు కోరుకునే జనం.

విశాఖ స్కేటింగ్ రింకులో ఎంపిక పోటీ రోజు పొద్దున్నే సార్ నన్ను రెండు నిమిషాలు చూసి గట్టు దగ్గరికి పిలిచారు. ఆయన రోజూ రింకు మూల కర్పూరం వెలిగించి గాని లోపల అడుగు పెట్టరు.

"కాలు దాస్తన్నావు. అదేటి, ఎన్నాళ్ల బట్టి?"

స్వస్థత అయిందన్నాను. ఆయన వంగి వేలితో మోకాలి కింది ఎముక మీద నొక్కారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ మొదటి ఎగురులో డబుల్ తీసేయ్. ఒక చుట్టు తగ్గించి సింగిల్ చేసి వదిలెయ్. తర్వాత మూడు నిమిషాలూ నీదేరా. ఆ అడుగుల్లో నిన్ను ఈళ్లెవరూ అందుకోలేరు."

"సాక్ష్యం చెప్పీసాను సార్."

"ఎవరికి?"

"సంఘంలో."

ఆయన నా కాలి మీంచి చెయ్యి తీశారు. "మీ దేవుడికి సింగిల్ ఆక్సెల్ పనికిరాదేటి?" అన్నారు. అందులో వెక్కిరింత లేదు. నిజంగానే అడిగారు. నేను వంగి చక్రాల నట్లు బిగించుకున్నాను. ఆ కాలితో అసలు రింకులోకే దిగొద్దు అనాల్సింది నేను, అని ఆయన తర్వాత చాలాసార్లు అన్నారు.

పాట మా మందిరంలో పాడుకునే కీర్తనదే, మాటలు లేని వాయిద్యం. మొదటి అరనిమిషంలోనే డబుల్ ఆక్సెల్. ఎగిరాను. రెండున్నర చుట్లూ పూర్తయ్యాయి, అది నాకు గాలిలోనే తెలిసింది. కుడికాలి మీద దిగాను. ఎండు కర్ర విరిగిన చప్పుడు వచ్చింది. అది నా కాలిదని అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

పాటను ఎవరూ ఆపలేదు. నేను వెల్లకిలా పడి అది చివరిదాకా విన్నాను. నాకు బాగా వచ్చిన అడుగులన్నీ చివర్లో ఉన్నాయి. ఇక్కడ ఎడమకు మలుపు, ఇక్కడ చెయ్యి పైకి, ఇక్కడ అమ్మకు ఇష్టమైన పొడుగాటి వంపు. ఒక్కొక్కటీ నా మీద నుంచి వెళ్లిపోయింది.

జట్టుకు ముగ్గురిని తీసుకున్నారు. మూడోవాడు డబుల్ ఆక్సెల్ చెయ్యలేదు.

ఎముకలో పాత పగులు నెలల నుంచీ ఉందని డాక్టరు చెప్పాడు. రాడ్ వేశారు. ఇక ఎగరడం లేదన్నాడు. పాస్టరు గారు రెండు బస్సులు మారి ఆసుపత్రికి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి ఏడుస్తూ ప్రార్థన చేశారు. వెళ్లేముందు మెల్లగా, "ఎక్కడో చిన్న అనుమానం వచ్చుంటాది బాబూ నీకు," అన్నారు. ప్రేమతోనే అన్నారు. ఆ మాటతో పది రోజులు పడుకున్నాను. గాలిలో ఉన్న ఆ క్షణాన్ని ఎన్నిసార్లు వెతికానో. అనుమానం దొరకలేదు.

దొరికింది వేరొకటి. ప్రభువును గుడి శిఖరం మీద నిలబెట్టి దూకమన్న సాతాను కూడా లేఖనం చూపించే దూకమన్నాడు, పాదానికి రాయి తగలదనే చెప్పాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో బహుమతి కోసం కంఠతా పట్టిన భాగం అది. ప్రభువు దూకలేదు. దూకకపోవడం అవిశ్వాసమని ఆయనకు తోచలేదు.

రెండు నెలల తర్వాత ఊతకర్రలతో మందిరానికి వెళ్లాను. సాక్ష్యాల వేళ పాస్టరు గారి చూపు నా దాకా వచ్చి, నన్ను దాటుకుని పక్కవాడి మీద ఆగింది. కింద కూర్చోలేక నేను గోడకు ఆనుకుని ఉన్నాను. పిలవకుండానే మాట్లాడాను. దేవుడు నాకు ఆ మాట ఇవ్వలేదనీ, ఆయన పేరు పెట్టి నేనే ఇచ్చుకున్నాననీ, ఆయన మాట తప్పలేదనీ చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. ఎవరో పాట అందుకున్నారు.

బయట చెప్పుల దగ్గర వెనకింటి పిన్ని నా కోసం ఆగి ఉంది. నా చెప్పు తీసి కాలి ముందు పెట్టింది. వంగినది వంగినట్టే ఉండి అడిగింది.

"మరి మా ఆయన సంగతీ అంతేనా, బాబూ? ఆయన పోయింది నా నమ్మకం సాలక కాదా?"

మూడేళ్లుగా ఆమె గుమ్మం దగ్గర కూర్చుంటోంది.

"కాదు పిన్నీ," అన్నాను.

ఆమె తల ఎత్తలేదు. రెండో చెప్పు కోసం వెతుకుతూనే ఉంది. ఆ కాలికి కట్టు ఉంది, నేను రెండోది వేసుకురానేలేదు.