కొనే ముందు నెల రోజుల కిరాయి

మొన్న సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో అమ్మకానికి ఉన్న ఒక గది చూడటానికి వెళ్ళాను. దలాల్ తాళం తీయగానే కొత్త సున్నం వాసన గుప్పుమంది. గోడలు తెల్లగా మెరిసిపోతున్నాయి. వాసన కోసమని కాబోలు, మూలన అగరుబత్తి కూడా వెలిగించి పెట్టాడు. అయినా రెండు నిమిషాలు నిలబడేసరికి ఆ సున్నం అడుగు నుంచి తడిసిన గోనెసంచి వాసన మెల్లగా ముక్కుకు తగిలింది. పది రోజుల్లో వేరే పార్టీ పట్టుకుపోతుందని దలాల్ హిందీలో తొందరపెడుతున్నాడు. ముందు ఒక నెల కిరాయికి ఇవ్వు, ఉండి చూసి కొంటాను అన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. వాడి మీద నాకేమీ కోపం రాలేదు. పదమూడేళ్ళ కిందట రాజవ్వను నేనూ అచ్చం అలాగే చూశాను.

రాజవ్వ లింబాయత్‌లో మా ఇంటి ఓనరు. సిరిసిల్ల వైపు నుంచి భర్తతో సూరత్‌కు వచ్చి, ఆయన పోయాక మగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టి బతికిన మనిషి. బక్కపలచగా ఉండేది, చెవులకు గెంటీలు, మగ్గాల చప్పుడులో బతికినవాళ్ళందరిలాగే గట్టి గొంతు. నేను ఎరిగేనాటికి ఆమెకు మూడు చిన్న ఇళ్ళున్నాయి. ఒక్కొక్కటీ ఒక గది, వెనక వంటిల్లు, అంతే. కండెలు చుట్టే ఆవిడకు మూడు ఇళ్ళేమిటని వాడలో అందరికీ కడుపుమంట. నాకూ ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆమె పద్ధతి వాడంతటికీ వేడుక. ఒక ఇల్లు కొనాలనిపిస్తే, సరిగ్గా వానాకాలంలో తన ఇంటికి తాళం వేసి, స్టవ్వూ చాపా రెండు గిన్నెలూ పట్టుకుని ఆ గల్లీలోనే ఒక నెల కిరాయికి దిగేది. రాజవ్వ మళ్ళీ కాపురం మార్చిందని అందరం నవ్వుకునేవాళ్ళం. ఆ నెలంతా ఆమె చూసేవి మూడు నాలుగు సంగతులే. వాన పడితే ఖాడీ వాగు నీళ్ళు ఏ గడప దాకా వస్తాయి, కొళాయి ఎన్ని గంటలకు వస్తుంది, షిఫ్టు మారే వేళ ఆ గల్లీలోంచి ఎంతమంది టిఫిన్ డబ్బాలు పట్టుకుని పోతారు. డబ్బాలు ఎక్కువ పోతే కిరాయిదారుకు కరువుండదని ఆమె లెక్క. ఒకసారి మాత్రం పదకొండో రోజునే తిరిగొచ్చేసింది. ఎందుకు వదిలేశావని అడిగితే చెప్పింది.

"ఇంటికైతే సున్నమేసిండ్రు గని, గల్లీల అందరి మంచాలు నీళ్ళకని ఎత్తిన ఇటుకల మీదనే ఉన్నయి బిడ్డా. గా ఇటుకలు తీసుడు మర్చిపోయిండ్రు."

అప్పుడు నవ్వాను గానీ, ఆ తెలివి నాకు అంటుకోలేదు. నేను జోల్వాలో మగ్గాల మీద పనిచేసేవాణ్ణి. రోజుకు పన్నెండు గంటలు నిలబడి చేసే కొలువు. నా భార్య పద్మ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్ళు అంటించేది. నాకు అప్పటికే ఒక చెవి సరిగ్గా వినపడటం మానేసింది. నలభై దాటితే ఈ కాళ్ళు మగ్గం ముందు నిలబడవని తెలుసు. ఆలోగా కిరాయి వచ్చే గదో, రేపు ధర పెరిగే జాగానో ఒకటి సంపాదించకపోతే ముసలితనంలో మాకు తిండి ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. మా దగ్గర ఉన్నవి ఎత్తుకున్న చిట్టీ డబ్బులు, పద్మ మెడలోని గొలుసు. మా బతుకంతా కలిపి అవి రెండే.

ఆ రోజుల్లోనే ఒక దలాల్ తగిలాడు. మన వైపు మనిషే, తెలుగు తీయగా మాట్లాడేవాడు. పల్సానా వైపు చెరకు కొట్టేసిన పొలంలో ముగ్గుతో గీతలు గీసి ప్లాట్లు చూపించాడు. ఇంకా వ్యవసాయ భూమే కాబట్టి చవక, రేపు ఇళ్ళ స్థలాలుగా మారిందంటే మూడింతలు అన్నాడు. ఒక్కటే చిక్కు. ఇక్కడ వ్యవసాయ భూమి కొనాలంటే రైతై ఉండాలి. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఊళ్ళో మా నాన్న పేరు నుంచి నా పేరుకు మారిన ఇరవై గుంటలు ఉన్నాయి కదా, నేను రైతును కాకపోతే ఇంకెవరు రైతు! రైలెక్కి ఊరికి పోయి, పట్టాదారు పాసుబుక్కును ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బనియన్‌లో పెట్టుకుని తెచ్చాను. దారిపొడవునా ఛాతీ తడుముకుంటూనే ఉన్నాను.

రాజవ్వకు చెప్పకుండా ఉంటే సరిపోయేది. గొప్ప చెప్పుకోవాలన్న దురద ఊరుకోనివ్వలేదు. ఆమె పాసుబుక్కును అటూ ఇటూ తిప్పి చూసి, సాత్ బార్ తీసి చూశావా అని అడిగింది. సాత్ బార్ అంటే ఇక్కడ భూమి ఎవరి పేరున ఉందో చెప్పే సర్కారు కాగితం. చూడలేదన్నాను.

"మన ఊరి బుక్కు ఈడ నడుస్తదని నీకెవరు చెప్పిండ్రు? దలాలా, సర్కారా?" అంది. "బానా ఇయ్యకు. ముందు ఆఫీసుల అడుగు. జర ఆగు శీనూ."

బానా అంటే బయానా. అప్పటికే ఇస్తానని మాటిచ్చి వచ్చానేమో, ఒళ్ళు మండిపోయింది.

"మేం ఎన్నడు ఓనర్లం కావద్దు, సచ్చేదాక నీకు కిరాయి కట్టుకుంట ఉండాలె. గంతేనా రాజవ్వా?"

ఆమె పాసుబుక్కును మళ్ళీ కవర్లో చుట్టి, జాగ్రత్తగా నా చేతికిచ్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నా ముక్కు మీద కోపం మా ఇంట్లో అందరికీ అలవాటే గానీ, ఆ రోజు అన్నది మాత్రం మనిషిని అనవలసిన మాట కాదు. నోరు జారానని తెలిసి కూడా తగ్గలేదు. రెండు రోజుల తరవాత చిట్టీ డబ్బులన్నీ తీసుకెళ్ళి బానా కింద దలాల్ చేతిలో పోశాను.

తరవాత ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా నా పాసుబుక్కును తలకిందులుగా పట్టుకున్నాడు. తెలుగు అక్షరాలు చూపించడానికి పక్క టేబులాయనను పిలిచాడు. ఇద్దరూ నవ్వారు. వెక్కిరింపుగా కాదు, జాలిగానే. ఊళ్ళో నువ్వు రైతువే భాయ్, ఇక్కడ మాత్రం ఇక్కడి రైతై ఉండాలి అని ఓపికగా హిందీలో చెప్పి పంపించారు. నాకు తల కొట్టేసినట్టయింది. బయటకొచ్చి దలాల్‌కు ఫోన్ చేస్తే మోగలేదు. వారం రోజులు కాళ్ళరిగేలా తిరిగాను. వాడు గది ఖాళీ చేసి పోయాడు. ఇంటికొచ్చి చెప్పినప్పుడు పద్మ మెడలో గొలుసు ఉందో లేదో చూసుకున్నట్టు ఒకసారి చెయ్యి పెట్టుకుంది. తిట్టినా బాగుండేది.

రాజవ్వకు ఎదురుపడలేక వెనక గల్లీలోంచి పనికి పోయేవాణ్ణి. నాలుగు రోజులు చూసి ఆమే వచ్చింది. నేను చెప్పలేదా అని అంటుందని గుండె రాయి చేసుకుని కూర్చున్నాను. ఆ ఊసే ఎత్తలేదు. భూమి అసలు యజమాని ఎవరో కనుక్కున్నాను, పద, అడుగుదాం అంది. బార్డోలీ బస్సెక్కించి ఒక పెద్ద రైతు ఇంటికి తీసుకెళ్ళింది. ఆ అరుగు మీద పొద్దంతా కూర్చున్నాం. తనకొచ్చిన అరకొర గుజరాతీలో ఆయనను ఒక్క కటువు మాట అనకుండా విషయమంతా చెప్పింది. ఆయన మర్యాదస్థుడే. చాయ్ పోయించాడు. తనతోనూ దలాల్ ఏదో చెప్పి వారం రోజుల్లో వస్తానని మొహం చాటేశాడట. మా డబ్బుల్లో ఒక్క రూపాయి కూడా ఆ గడప తొక్కలేదు. అక్కడితో ఆ ఆశ తీరిపోయింది.

తిరుగు బస్సులో కిటికీ బయట చెరకు తోటలు పోతూనే ఉన్నాయి. ఉన్నట్టుండి అడిగింది.

"మా ఇంట్ల ఎన్నేండ్ల సంది ఉంటున్నవు?"

ఆరేళ్ళన్నాను.

"నేను ఒక్క నెల ఉండి కొంట. నువ్వు ఆరేండ్లున్నవు. గా ఇల్లు ఏడ కురుస్తదో నాకంటె నీకే ఎరుక. గదే కొనుక్కోరాదు?"

డబ్బు ఏదీ అన్నాను. గొలుసు మీద వచ్చింది ఇప్పుడివ్వు, మిగతాది కిరాయి కట్టినట్టే నెల నెలా కట్టు అంది. ధర మాత్రం గల్లీలో నడుస్తున్న ధరే చెప్పింది, రూపాయి తగ్గించలేదు. తగ్గిస్తే నాకు దానం చేసినట్టు ఉంటుందని ఆమెకు తెలుసు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏడుస్తున్నానని ఆమెకు తెలియకూడదనుకున్నాను గానీ, పక్క సీట్లో ఉన్న మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది.

ఇక దస్తావేజు రోజు. డబ్బంతా తీరాక, ఏ నాలుగేళ్ళకో రిజిస్ట్రీ ఉంటుందనుకున్నాను. లోకంలో ఎవరైనా అలాగే చేస్తారు. ఆమె పదిహేను రోజుల్లోనే మమ్మల్ని ఆఫీసుకు తీసుకెళ్ళింది, అదీ పద్మ పేరున. అధికారి అమ్మేవాళ్ళను ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు, పైసలన్నీ ముట్టాయా అని. ఆమెకు ముట్టింది పావు వంతు కూడా కాదు. మిగతా దానికి నేను చిట్టీ ముక్క మీద కూడా ఏమీ రాసివ్వలేదు. నేను నోరు తెరిచేలోగా, "సబ్ మిల్ గయా సాబ్" అని గట్టిగా చెప్పి వేలిముద్ర వేసేసింది.

బయటికి రాగానే పట్టుకుని అడిగాను, ఇదేం పని రాజవ్వా, రేపు నేను కట్టకపోతే నీ గతేంటి అని.

"నడుమ నేను సస్తే? భీవండిల ఉన్న నా కొడుకుకు నువ్వెవరో తెల్వది. గొలుసు పైసలు సుత పోతయి మీయి," అంది. "ఇంకోపారి మునిగితె పద్మ తట్టుకోదు."

భయమంతా తన నెత్తిన పెట్టుకుని, కాగితం మా చేతిలో పెట్టింది. కాగితం చూడకుండా నీడను కూడా నమ్మని మనిషి. ఆమెను అంత మాట అన్న నోటితో ఏదో చెప్పబోయాను. ఆకలైతుంది, నడువు అని ముందుకు పోయింది. మూడేళ్ళ ఎనిమిది నెలల్లో అంతా తీర్చేశాను. ఆ తరవాతి ఏడాది ఆమె కొడుకు దగ్గరే చనిపోయింది. ఆ మాట అన్నందుకు నేను క్షమాపణ అడగనేలేదు.

ఇప్పుడు మాకు ఆ ఇల్లు కాక ఇంకొకటి ఉంది, కిరాయిలతో గడిచిపోతోంది. మగ్గం మానేశాను. వానాకాలంలోనే ఇల్లు చూస్తాను, సాత్ బార్ తీయిస్తాను, గుమాస్తాను నాలుగుసార్లు అడుగుతాను. ఆమె జాగ్రత్తలన్నీ వచ్చేశాయి. రాజవ్వ దగ్గర కొన్న మా పాత గదిలో ఒక జంట ఐదేళ్ళుగా కిరాయికి ఉంటున్నారు. ఒకటో తారీకు ఎప్పుడూ తప్పలేదు. ఆ ఇల్లు కొనుక్కుంటామని పోయిన నెల అడిగారు, డబ్బు కొంచెం కొంచెంగా ఇస్తామన్నారు. చూద్దాంలే అన్నాను. నెల రోజులుగా ఆ మాట మీదే ఉన్నాను.