కార్డు మీద కప్పు

ఉధ్నాలో నేను పనిచేసిన వెబ్‌సైట్ల ఆఫీసు ఓనర్ని అందరం అన్న అనేవాళ్లం. మరమగ్గాల పనికి ఆ ఊరికి వలస వచ్చిన తెలంగాణ కుటుంబం వాళ్లది. వ్యాపారుల మీటింగ్ ఒక్కటి కూడా వదిలేవాడు కాదు.

ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్లిన వరాఛా మీటింగులో అన్న ఇచ్చిన విజిటింగ్ కార్డు మీద ఒక చీరల సేఠ్, చదవకుండానే, చాయ్ కప్పు పెట్టుకున్నాడు. అన్న నవ్వుతూనే ఫోన్ తీసి, ఆ సేఠ్ దుకాణం పేరుతో ఉండే డొమైన్‌ను, అంటే ఆ వెబ్‌సైట్ పేరును, తనే కొనేశాడు.

"దాన్ని ఏం జేస్తవన్నా?" అన్నాను.

"ఏం జెయ్య. ఖాళీగ ఉంచుత."

అవమానిస్తే తిట్టే మనిషి కాదు, పేరు కొనే మనిషి. ఆ నవ్వు చూశాకే నేను ఎవరి కార్డైనా రెండు చేతులతో అందుకోవడం నేర్చుకున్నాను.

ఏటేటా రెన్యూ చేస్తూ ఆ పేరును ఖాళీగానే ఉంచాడు. చాలా ఏళ్లకు ఆ సేఠే మా ఆఫీసు మెట్లెక్కాడు. అన్నను గుర్తుపట్టలేదు. ఆన్‌లైన్లో చీరలు అమ్మాలట, తన దుకాణం పేరు ఎవడో పట్టుకు కూర్చున్నాడట, ఎలాగైనా ఇప్పించమంటూ కార్డు చాచాడు.

అన్న మర్యాదగా అందుకుని బల్ల మీద పెట్టాడు. చాయ్ తెప్పించాడు. తన కప్పును ఆ కార్డు మీద దించి, మెల్లగా హిందీలో చెప్పాడు.

"వాడు ఇవ్వడు సేఠ్. నాకు బాగా తెలిసినవాడే."