వేరుశనగ పొట్టు, చచ్చిన కణాలు

నేను చేరిన రెండో ఏడు, ఆగస్టులో, అనంతపురంలోని మా ప్రయోగశాలలో ఉన్నవి: కణాలు పెంచే ఇంక్యుబేటర్ ఒకటి, తొంభై ఆరు గుంటల ప్లాస్టిక్ పళ్లెం ఒకటి, వేరుశనగ పొట్టు సారం సీసాలు ఆరు. ఉన్నవారు: ప్రొఫెసర్ గారు, పరిశోధక విద్యార్థిని శైలజ మేడం, ప్రాజెక్ట్ అసిస్టెంటుగా నేను. హోదాలో నా కింద ఎవరూ లేరు. ప్రాజెక్టు ముగిశాక ఆ పని మానేశాను.

రక్తనాళం లోపలి గోడకు ఒకే వరుస కణాల పొర ఉంటుంది. గింజ మీది ఎర్రటి పొట్టులో ఉండే పాలీఫినాల్స్ అనే రసాయనాలు ఆ పొరను కాపాడగలవా అన్నది మేడం ప్రశ్న. వేయిస్తే వాటిలో కొంత పోతుంది కనుక పచ్చి పొట్టే కావాలి. పచ్చి గింజలు తెచ్చి పొట్టు తీసే పని నాది.

గుంటల్లో పెంచిన కణాలకు ముందు సారం, తర్వాత హాని చేసే పెరాక్సైడ్, చివర రంగు వేస్తాం. బతికిన కణాలు ఊదా రంగుకు తిరుగుతాయి. ఆ రోజు సారం పడిన ఒక్క గుంటా రంగు తిరగలేదు. పెరాక్సైడ్ వేయనివి కూడా. పొట్టే విషమని, సిద్ధాంత గ్రంథంలో ఆ అధ్యాయం వదిలేయమని ప్రొఫెసర్ గారు అన్నారు. మేడం గడువు డిసెంబరుతో సరి. ఆ అధ్యాయం లేకుంటే గ్రంథం పూర్తి కాదు, మరో మొక్కతో మొదలుపెట్టే వ్యవధి లేదు. ఐదేళ్ల పని పట్టా లేకుండా ఆగిపోతుంది. ఆమె వారం గడువు అడిగి తీసుకున్నారు. నన్ను కోప్పడలేదు, గింజలు తెచ్చిన చోటికే పోయి మళ్లీ కనుక్కొని రమ్మన్నారు.

విడపనకల్లు దగ్గర రైతు రామాంజులు ఇంట్లో మునుపటి ప్రశ్నలే వరుసగా అడిగాను. పచ్చివేనా? అవును. పంటకు మందు కొట్టారా? లేదు. వింటున్న ఆయన భార్య లక్ష్మీదేవి నవ్వింది.

“ఆ ఇత్తనాలు మేము కోళ్లకు గూడ ఎయ్యము, అన్నా. వాన వస్తాదని మందు పట్టించి పెట్టింటిమి. వాన రాల్యా.”

ఇక్కడ విత్తే ముందు గింజలకు బూజు పట్టకుండా ఎర్రటి మందు కలుపుతారు. అదును తప్పితే అవి తినడానికీ పనికిరావు. మందు రంగు పొట్టు రంగులో కలిసిపోయి నాకు కనబడలేదు.

“నువ్వు పొట్టుకే కావాలంటివి, ఇచ్చినా. తినేదాని మాదిరి వాడతామని యాడ చెప్పినావప్పా?” అన్నాడు రామాంజులు.

లక్ష్మీదేవి ఇంట్లో తిండికి దాచిన కాయలు తెచ్చి మధ్యాహ్నమంతా చేత్తో ఒలిచింది. ఇంత చదువుకొని విత్తనమేదో తిండిగింజ ఏదో తెలియదా అని ఎత్తిపొడుస్తూనే పొట్టు నలిపి, చెరిగి, గుడ్డలో కట్టిచ్చింది. ఆ ఎత్తిపొడుపుకూ ఆ మూటకూ నేనిప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఈసారి సారం ఒక్కటే వేసిన గుంటలు ఊదాగా నిలిచాయి. పెరాక్సైడ్ వేసినచోట, ముందుగా సారం అందిన కణాలే ఎక్కువ బతికాయి. మూడుసార్లు చేసినా అంతే. ఇది పళ్లెంలో చూసిన మాట. మనిషి రక్తనాళాల సంగతి దీనితో తేలదు. మేడం డిసెంబరులో సిద్ధాంత గ్రంథం సమర్పించారు. కృతజ్ఞతల పేజీలో లక్ష్మీదేవి పేరు నా పేరుకు ముందుంది. అది సరైన వరుస.

రైతు అబద్ధం చెప్పలేదు. నేను పంట గురించి అడిగాను, గింజ గురించి అడగలేదు. గింజలు తెచ్చేటప్పుడు నింపే సేకరణ పత్రంలో ‘ఈ గింజ దేనికోసం దాచినది’ అన్న గడి చేర్చాం. దానితో గడులు తొమ్మిది.