మిరపకాయ గలగల

ఆ పోటీలో జరిగినదాని గురించి మీ ఆఫీసుకు ఎన్నిసార్లు రాసి అడిగినా ఇంతవరకు నాకు ఎవరూ జవాబివ్వలేదు. గంగారం బడిలో నా దగ్గర సైన్సు చదివిన ఆ తండా పిల్లను నేను మాత్రం మరిచిపోలేదు.

ఎండుమిరపకాయ కనిపిస్తే చాలు, చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. "జర ఇనుండ్రి సార్, గింజలు గలగలమంటున్నయ్. ఎండింది," అనేది. కళ్లంలో వాళ్లమ్మ చూసే పద్ధతి అది. ఆ చప్పుడు విని కాయ ఎండిందో లేదో చెప్పే చిన్న యంత్రం చేసి, నగరంలో జరిగే అంతర్జాతీయ పోటీకి ఎంపికైంది.

పోటీ రోజు పొద్దున, మమ్మల్ని తీసుకుపోయిన మీ ఆఫీసు పెద్దమనిషి ఆమె బల్ల చూసి మొహం చిట్లించాడు. నీటుగా కనిపించాలని కాయల తొడిమలన్నీ తీయించాడు.

"తొడిమ తీస్తే గింజలు రాలిపోతయ్ సార్," అని ఆమె అన్నా వినలేదు.

న్యాయనిర్ణేత వచ్చేసరికి కాయల్లో గింజల్లేవు. యంత్రం పలకలేదు. ఆమె జేబులో దాచిన తొడిమ ఉన్న కాయ తీసి ఆయన చెవి వైపు చాచింది. పెద్దమనిషి ఆమె చెయ్యి దించాడు.

"సప్పుడు చెయ్యకుండ నిలబడు. నీ ఇంగ్లీషుతోటి పరువు పోతది."

యంత్రం చెడిపోయిందని తనే చెప్పి, న్యాయనిర్ణేతను పక్క బల్లకు తీసుకుపోయాడు. టీచర్లను తాడు అవతలే నిలబెట్టారు. అదీ నాకు గుర్తుంది.

తిరుగు రైలు జనగామ దాటాక ఆమె నన్ను అడిగింది. "మిషిన్ మంచిగనే ఉండె గద సార్. ఖరాబైందని ఎందుకు చెప్పిండు?"

అయ్యా, ఆమె ఇప్పుడు మానుకోటలో డిగ్రీ చదువుతోంది. నాకు వద్దు, ఆమెకు జవాబు చెప్పండి.